తీగకు గుచ్చిన కార్డు

ఎనభై ఏడో సంవత్సరం దీపావళి వెళ్లిన వారానికి మా రైల్వే కాలనీ బడిలో తెలుగు క్లాసుకు కొత్త పంతులమ్మ వచ్చింది. పేరు హరిప్రియ. భర్తకు మా బిలాస్‌పూర్‌లోనే బ్యాంకు ఉద్యోగం, సొంతూరు గుంటూరు వైపు. వచ్చిన మొదటి రోజే ఐదో తరగతి పిల్లల చేత పుస్తకాలు మూయించి తలా ఒక చిట్టీ చేతిలో పెట్టిందట. చిట్టీలో ఐదు లైన్లు. ఆ పూటకు అదే పాఠం.

"ఐదు లైన్లకి ఓ పంతులమ్మేటే?" అన్నాను నా మనవరాలు నీలవేణితో. "పొట్లం కట్టుకోడానికైనా సరిపోదు ఆ కాయితం."

"మేడమ్ అదే చదవమన్నాది నాన్నమ్మా."

"చదువు మరి, ఇందాం."

చదివింది. చదవడమంటే, సిగ్నల్ దొరకని గూడ్సులా అక్షరానికోసారి ఆగింది. ఐదు లైన్లకు నా పొయ్యి మీద పప్పు ఉడికిపోయింది. పదేళ్ల పిల్ల, ఐదేళ్లుగా తెలుగు బడికి పోతున్న పిల్ల.

తప్పు పిల్లది కాదు. అంతకుముందున్న రమణమూర్తి మాస్టారు నాలుగు పేజీల పాఠాన్ని పిల్లల చేత గొంతెత్తి పాడించేవాడు. వాళ్లు కళ్లు మూసుకుని మొత్తం అప్పజెప్పేవారు. ఫలానా మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంటే బొమ్మ మీద పెట్టేవారు. మా కాలనీ పెద్దలకు అదే గొప్ప చదువు. బడి గోడ దాటి అరుపు వినిపిస్తే చాలు, పిల్లలు పండితులైపోయారనుకునేవారు. మాస్టారు రిటైరైనప్పుడు శాలువా కప్పి ఏడ్చారు కూడా.

ఇప్పుడు ఆ శాలువాకు ఫలితం వచ్చింది. మాఘమాసంలో పైఆఫీసు నుంచి ఒకాయన వచ్చి ఐదో తరగతి పిల్లల చేత చదివించి చూస్తాడట. పదకొండు మంది పిల్లలు. చదవలేకపోతే తెలుగు క్లాసు ఎత్తేసి హిందీ క్లాసులో కలిపేస్తారు. ఈ కబురు రాగానే తెలుగు సంఘం వాళ్లు మీటింగు పెట్టారు, టీలు తాగారు, మాతృభాష గురించి ఒకరి తర్వాత ఒకరు గొంతు చించుకున్నారు. మా ఇల్లు తప్పిస్తే ఆ గొంతుల్లో ఒక్కరి పిల్లలూ ఆ బడిలో లేరు. అందరూ సర్కండాలో ఇంగ్లీషు బళ్లకు ఆటోల్లో పోతారు. ఆ సంఘానికి అధ్యక్షుడు రిటైర్డు డ్రైవరు గోవిందరావు. నా భర్త.

నీలవేణిని తెలుగు క్లాసులో వేయించింది నేను. నా కొడుకు సూర్యం సిర్గిట్టిలో ఒక వర్క్‌షాపులో పని చేస్తాడు. వాడు చదివింది హిందీలో. తెలుగు అక్షరాలు చూస్తే ముగ్గేమో అనుకుంటాడు. "ఛోడో న అమ్మా, ఇక్కడ తెలుగు నేర్చుకుని ఏటి చేస్తాది?" అన్నాడు. నేను రెండు పూటలు అన్నం మానేశాను. మా ఇంట్లో నా మాట నెగ్గింది ఆ ఒక్కసారే. అలా నెగ్గించుకోవడానికి నాకో కారణం ఉంది.

మా శ్రీకాకుళం వాళ్ల ఇళ్లలో ఉత్తరాలు దాచే పద్ధతి ఒకటి. మూరెడు ఇనుప తీగ, కింద చెక్కబిళ్ల, పైన కొక్కెం. వచ్చిన ఉత్తరాన్ని చదివి తీగకు గుచ్చేస్తారు. చావు కబురు తెచ్చిన కార్డు మాత్రం గడప దాటి లోపలికి రాదు. వాకిట్లో నిలబడి చదివి, అక్కడే చింపేసి, తలస్నానం చేసి లోపలికొస్తారు. అందుకే మా తీగల మీద చావులుండవు. ఏ ఇంటి తీగ చూసినా ఉభయకుశలోపరే.

మా తీగ అట్టడుగున, చెక్కబిళ్లకు ఆనుకుని, యాభయ్యో సంవత్సరపు కార్డొకటి ఉంది. దాన్ని చదవగలిగినవాళ్లం ఇంట్లో ఇద్దరమే, నేనూ నా భర్తా. నాకు చదవడం వచ్చునని ఆయనకు తెలుసు. ఆ కార్డు చదివానని తెలియదు. నేను పోయాక సూర్యం ఆ తీగను తీసుకెళ్లి పాత ఇనుముతో పాటు పడేస్తాడు. ఈలోగా ఈ ఇంట్లో ఇంకొక్కరు ఆ కార్డు చదవాలి. నాకు కావలసింది అంతే. నోటితో చెప్పొచ్చు కదా అని మీరడగవచ్చు. చెప్పగలిగే మనిషినైతే అన్నేళ్లు ఎందుకు ఊరుకుంటాను?

తెలుగు క్లాసు ఎత్తేస్తే ఇక ఆ కార్డుకు దిక్కులేదు. అలాంటి సమయంలో ఈ గుంటూరావిడ ఐదు లైన్ల చిట్టీలతో ఆడుకుంటోంది.

కార్తీక పౌర్ణమి మర్నాడు పోట్లాడదామనే బడికి వెళ్లాను. పిల్లలు బెంచీలు గోడకు జరిపేసి నేల మీద గుండ్రంగా కూర్చున్నారు. హరిప్రియ కూడా చీర కుచ్చెళ్లు సర్దుకుని వాళ్ల మధ్యనే కూర్చుంది. నల్లబల్ల మీద మూడు ప్రశ్నలు రాసి ఉన్నాయి. ఎవరు చెబుతున్నారు? ఎవరికి? ఏం చెప్పలేదు?

ఆ రోజు చిట్టీ ఇది. ప్రణీత అనే పిల్ల చదివింది.

"మా కుళాయి దగ్గర ఒక బిందె మూడు రోజులుగా ఉంది. ఎవరూ తీసుకెళ్లలేదు. నిన్న ఎవరో దాన్ని తోమి బోర్లించారు. ఇవాళ దాని మీద ఒక బంతిపువ్వు ఉంది."

అంతే. అయిపోయింది.

శివాజీ అనే వాడు చెయ్యెత్తకుండానే మొదలుపెట్టాడు. "మేడమ్, ఆ బిందె వాళ్లకి ట్రాన్స్‌ఫర్ అయిపోయుంటాది. క్వార్టర్ ఖాళీ చేసినప్పుడు మర్చిపోయినారు."

"మరి తోమింది ఎవరురా?" అంది ప్రణీత.

"పక్కింటామె. మత్లబ్, ఫ్రెండు."

"ఫ్రెండైతే బిందె లోపల పెట్టుకోవాలి గానీ పువ్వెందుకు పెడతాది, బుద్ధూ?"

"ఆమె చచ్చిపోయిందేమో," అంది నీలవేణి నెమ్మదిగా. "బిందె ఆమె."

క్లాసంతా మళ్లీ చిట్టీల మీద పడ్డారు. ఎక్కడుంది, ఏ లైన్లో ఉంది అని పదకొండు తలలు కాగితం మీదికి వంగాయి. అక్షరమంటే పారిపోయే గుంటలు ఆ నాలుగు ముక్కల్నే మూడుసార్లు చదివారు. నేను గుమ్మంలో నిలబడే ఉన్నాను. కాళ్లు నొప్పి పుట్టాక గుర్తొచ్చింది, పోట్లాటకు వచ్చానని.

గంట కొట్టి పిల్లలు బయటికి పోయాక అడిగాను. "ఇంతకీ బిందె ఎవరిదమ్మా?"

"నాకూ తెలియదండీ మామ్మగారూ," అంది హరిప్రియ.

"తెలీకుండా రాసీసినావా?"

"తెలియదు కాబట్టే రాశానండి."

"బాగుంది. ఉన్నది చదవడమే రాదు ఈ గుంటలకి. లేనిది చదవమని కూకోబెట్టినావు. మాఘంలో ఆయనొచ్చి కూకుని, అమ్మా బిందె ఎవరిది అంటాడా? పాఠం చదవమంటాడు."

"చదువుతారండి. తర్వాత ఏమైందో తెలుసుకోవాలని లేకపోతే ఎవరు మాత్రం ఎందుకు చదువుతారు? మీరెలా నేర్చుకున్నారు మామ్మగారూ? నీలవేణి చెప్పింది, మీరు బడికి వెళ్లలేదట కదా."

చెప్పకూడదనుకుంటూనే చెప్పాను. బుధవారీ బజారులో సింహాచలం కొట్టుంది. సరుకు విజయనగరం నుంచి వచ్చేది, దాంతో పాటు అక్కడి పాత పేపర్లూ. చింతపండు పొట్లం విప్పాక ఆ కాగితాన్ని ఉతికి ఆరేసినట్టు గోడకంటించేదాన్ని. కొడుకును బళ్లో వేసేముందు కొన్న, వాడెన్నడూ తెరవని బాలశిక్ష పక్కన పెట్టుకుని అక్షరానికి అక్షరం పోల్చుకునేదాన్ని. ఎప్పుడూ సగం కథే దొరికేది. సింహాచలం కత్తి ఎక్కడ తెగితే అక్కడ ఆగిపోయేది. పిల్లాడు బావిలో పడ్డాడని ఉంటుంది, తీశారో లేదో ఇంకో పొట్లంలో పోతుంది.

"అయితే మీరూ చిట్టీలతోనే నేర్చుకున్నారన్న మాట," అని నవ్వింది ఆవిడ.

ఏదో పందెం నెగ్గినట్టు నవ్వింది. ఆ నవ్వు నాకు గిట్టలేదు. వస్తానని కూడా అనకుండా వచ్చేశాను.

పుష్యమాసం వచ్చేసరికి నీలవేణి మందుసీసా మీది కాగితం చదువుతోంది, గుడి గోడ మీద చందాల జాబితా చదువుతోంది, నా పొట్లాలు నాకన్నా ముందు విప్పుతోంది. చదివి ఊరుకోదు. "ఇది రాసినోడికి కోపం నాన్నమ్మా," అంటుంది. కుళాయి దగ్గర అంటించిన సంఘం నోటీసు చదివి, "తాత పేరు మూడుసార్లు రాసుకున్నాడు, నీళ్లెప్పుడొస్తాయో రాయలేదు," అంది. ఆ మాటకు నేను నవ్వాను. చాలా రోజులైంది నవ్వి.

సంక్రాంతి వెళ్లాక ఒక సాయంత్రం బడి నుంచి వస్తూనే స్టూలు లాక్కుని తీగ కింద వేసుకుంది.

"మేడమ్ అందరినీ ఇంటి నుంచి ఓ పాత ఉత్తరం తెమ్మన్నాది. చిన్నదుండాల. ఆ పెద్దాయన వచ్చిన రోజున అవే చదవాలంట."

గోవిందరావు గారు నడవాలో రేడియో వింటున్నారు. నేను మాత్రల డబ్బా తీసి చూశాను. రక్తపోటు మాత్ర వేసుకోలేదేమో అనుకున్నాను. వేసుకున్నాను.

నీలవేణి తీగకు పైన ఉన్న ఇన్‌లాండు కవర్లు ఒక్కొక్కటీ తిరగేస్తోంది. ఏ రెండూ తేడా లేవు, అందరూ క్షేమం, పంటలు బాగున్నాయి, పిల్లలకు ముద్దులు.

"అడుగుది తియ్యి," అన్నాను. "చేతిరాత బాగుంటాది."

తీగ మీది నుంచి ఉత్తరాలన్నీ పైకి లాగి ఆఖరి కార్డు తీసింది. మధ్యలో తీగ గుచ్చిన చిల్లు చుట్టూ తుప్పు. నా ఎదుట చదవబోయింది. "బళ్లో చదువుకో, పో," అని కసురుకున్నాను.

తర్వాత మూడు రోజులు నేను మనిషిని కాదు. పాలు పొంగించాను, కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. ఆయన ఏమన్నా అడిగితే ఉలిక్కిపడ్డాను. నాలుగో రోజు హరిప్రియ మా వీధి కుళాయి దగ్గర నన్ను ఆపింది. ఆ రోజు నవ్వలేదు.

"మామ్మగారూ, నీలవేణి తెచ్చిన కార్డు నేను చదివాను. వేరేది తెమ్మనమంటారా?"

"పిల్ల తడబడకుండా చదువుతాదా?"

"చదువుతుందండి."

"అయితే చదివించు," అని బిందె ఎత్తుకున్నాను.

మాఘమాసం మూడో వారంలో ఆయన వచ్చాడు. వాల్తేరు వైపు మనిషి, నెమ్మదస్తుడు. బడి హాల్లో సంఘం పెద్దలంతా ముందు వరుస కుర్చీల్లో కూర్చున్నారు, తమనే పరీక్షిస్తారన్నట్టు నెత్తికి నూనె రాసుకుని. నడి మధ్యలో గోవిందరావు గారు. రిటైరైన రోజున కుట్టించుకున్న కోటు వేసుకుని మఫ్లరు చుట్టుకున్నారు. ఆడవాళ్లం వెనక బెంచీల్లో కూర్చున్నాం.

పిల్లలు నేల మీద గుండ్రంగా కూర్చున్నారు. శివాజీ వాళ్ల అత్త పెళ్లి కార్డు తెచ్చాడు, నాలుగు మూలలా పసుపు. ప్రణీత వాళ్ల తాత కాశీ నుంచి రాసింది తెచ్చింది. ఒక్కొక్కరు చదవడం, మిగతావాళ్లు అడగడం. తడబడ్డారు, సర్దుకున్నారు, మొత్తానికి చదివారు. పైఆఫీసాయన కలం పక్కన పెట్టేసి వింటున్నాడు.

"ఎవరి ఉత్తరంలో చూసినా అందరూ బాగానే ఉన్నారు. మన వాళ్లకి జొరాలు రావా?" అంది ప్రణీత.

"చావు ఉత్తరాలు చింపేస్తారు కదే, పాగల్," అన్నాడు శివాజీ. "బాగున్నవే మిగుల్తాయి."

ఆయన నవ్వాడు. ముందు వరుస కూడా ఆయన నవ్వాడని నవ్వింది.

అప్పుడు నీలవేణి లేచింది. గొంతు పెద్దది కాదు. కానీ ఎక్కడా ఆగలేదు.

"బావగారు గోవిందరావు గారికి బావమరిది నూకరాజు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అమ్మకు ఒంట్లో బాగులేదు. మంచం దిగడం లేదు. అక్కను చూడాలని అడుగుతున్నది. ఈ కార్డు అందిన వెంటనే అక్కను బండి ఎక్కించగలరు. రేపటి నుంచి రోజూ ఎడ్లబండి కట్టుకుని స్టేషనుకు వచ్చి మధ్యాహ్నం పాసింజరు చూసుకుని వెళతాను. ఏ రోజైనా పరవాలేదు."

నూకరాజు నా తమ్ముడు. అప్పటికి వాడికి పద్దెనిమిదేళ్లు. కార్డు రాసి ముప్పై ఏడేళ్లు దాటింది. దాన్ని ఒకరు పైకి చదవగా వినడం నాకదే మొదలు.

"ఎవరు?" అంది హరిప్రియ.

"నూకరాజు తాత."

"ఎవరికి?"

"మా తాతకి."

"అక్క కోసమైతే అక్కకే రాయాలి కదా, బావకెందుకు రాసినాడు?" అన్నాడు శివాజీ.

"అక్కకి అప్పుడు చదవడం రాదు," అంది నీలవేణి.

"ఏం చెప్పలేదు?"

"అక్క వెళ్లిందో లేదో," అంది ప్రణీత.

"అది రాసేటప్పుడు ఆయనకి ఎలా తెలుస్తాది?" అన్నాడు శివాజీ.

"ఎన్ని రోజులు బండి కట్టినాడో," అంది నీలవేణి. "అది కూడా లేదు."

పైఆఫీసాయన ముందుకు వంగి సరదాగా అడిగాడు. "గోవిందరావు గారంటే మీరే కదండీ? చెప్పండి మరి, పిల్లలు ఎదురుచూస్తున్నారు. పంపారా?"

ఆయన మఫ్లరు సర్దుకున్నారు. "పంపకపోతే ఏటండి బాబూ! కార్డు వచ్చిన సాయంత్రం బండికే ఎక్కించినాను. తల్లి కదా మరి."

ముందు వరుసలో ఒకరు చప్పట్లు మొదలుపెట్టారు. హాలంతా కొట్టింది. నా పక్కన కూర్చున్న చిన్నతల్లి నా మోకాలి మీద తట్టి, "అదృష్టవంతురాలివమ్మా," అంది. నా తల్లి సంగతి, నా ఎదుట. వెనక బెంచీ నుంచి ఒక్క మాట చాలు. నేను కొంగు సర్దుకున్నాను.

తెలుగు క్లాసు నిలిచింది. చదివే పిల్లలున్న క్లాసును ఎందుకు తీసేస్తామని పైఆఫీసాయన అక్కడికక్కడే చెప్పాడు. సంఘం వాళ్లు తెచ్చిన పూలదండను ఎవరికి వేయాలో తేలక అటూ ఇటూ చూసి చివరికి గోవిందరావు గారి మెడలో వేశారు. హరిప్రియ బెంచీలు మళ్లీ వరుసలో పెట్టుకుంటోంది. ఆ వేసవిలోనే ఆవిడ భర్తకు బదిలీ అయి వెళ్లిపోయారు. వెళ్లే రోజున నేను స్టేషనుకు వెళ్లలేదు. కదిలే బండి నేను చూడలేను.

హాలు నుంచి నేనూ నీలవేణీ ఇంజన్ల షెడ్డు గోడ వెంట నడిచి వచ్చాం. ఎండ బాగా ఉంది. పిల్ల గంతులేస్తోంది.

"నాన్నమ్మా, నువ్వెళ్లేసరికి ముసలమ్మ మాటాడినాదా? నిన్ను చూసి ఏటన్నాది?"

"నేను ఎల్లనేదు."

గంతులు ఆగాయి.

"కార్డు వచ్చినాదని కూడా నాకు తెలీదు. దాని తర్వాత చావు కార్డొచ్చినాది. అది వాకిట్లో చదివి చింపీసి, మీ అమ్మ పోయినాది అన్నాడు మీ తాత. ఇప్పుడెళ్లి ఏటి చేస్తావు అన్నాడు. సరేనన్నాను."

"తాత అబద్ధం చెప్పినాడా?"

"ఊఁ."

"నువ్వు వెనకే కూకున్నావు కదా. ఎందుకు చెప్పలేదు?"

"ఎండ మాడుతోంది. పద పద," అన్నాను.

ఇంటికి వచ్చేసరికి ఆయన దండ తీసి మేకుకు తగిలించి, నడవాలో కాళ్లు చాపుకుని కూర్చున్నారు. సూర్యం పనికి పోయాడు. నీలవేణి తిన్నగా వెళ్లి కార్డును ఆయన ఒళ్లో పెట్టింది.

"తాతా, నాన్నమ్మ ఎల్లనేదంట కదా."

ఆయన కార్డు వైపు చూసి, నా వైపు చూశారు. "నువ్విది చదివినావా?"

"చదివాను."

"ఎప్పుడు?"

"సూర్యం ఒకటో క్లాసులో ఉన్నప్పుడు."

సంవత్సరాలు లెక్క వేసుకున్నట్టు ఆయన పెదవులు కదిలాయి. ఆ తర్వాత గొంతులో ఏ తేడా లేకుండా, నా మీదే ఫిర్యాదు చేస్తున్నట్టు చెప్పారు. "అప్పుడు నాకు షంటర్ ప్రమోషను పరీక్ష. ఫైర్‌మెన్ దొరక్క డబుల్ డ్యూటీలు. నువ్వెళ్లిపోతే నా డబ్బా ఎవరు కడతారు? పరీక్షయ్యాక పంపుదామనుకున్నాను. ఈలోగా ఆ కార్డొచ్చీసినాది. నేనేటి చేసేది?"

"మరి ఈ కార్డు తీగకెందుకు గుచ్చినావు? చింపీవలసింది."

ఆయన నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూశారు. "చింపడానికి ఇది చావు కార్డు కాదు కదే!"

చదివిన నాటి నుంచి ఆ కార్డుకు ఎన్ని కారణాలు అల్లుకున్నానో. నూకరాజుతో పొరపొచ్చమేదో ఉందనుకున్నాను. మా అమ్మది అంటురోగమని భయపడ్డాడేమో అనుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, కొన్నాళ్లు నన్ను విడిచి ఉండలేకనేమో అని కూడా అనుకున్నాను. పెద్ద కారణం కోసం అంత పెద్ద ద్వేషం దాచుకున్నాను. అక్కడ ఉన్నది నాలుగు గిన్నెల టిఫిను డబ్బా. ఆ మనిషి ద్వేషించడానికి కూడా సరిపోలేదు.

ఇక నా సంగతి. చదివిన మర్నాడు తెల్లవారే ఆయన డ్యూటీ. లేచి వంకాయ కూర చేసి, అన్నం వేసి, డబ్బా కట్టి ఇచ్చాను. రిటైరయ్యేదాకా ఇరవై మూడేళ్లు కట్టాను. అడిగితే అదే బండి ఎక్కించి, తిరుగు పాసు లేకుండా మా ఊరు పంపేస్తాడేమోనని భయం. తమ్ముడు ఆ చావు కార్డు తర్వాత మళ్లీ రాయలేదు. తల్లి పిలిచినా రాని అక్క అనుకున్నాడు. అనుకోనిచ్చాను. చూశారా, నేను కూడా ముందు వరుసలో కుర్చీ వేసి కూర్చోబెట్టదగిన మనిషినే.

మర్నాడు బడి వదలగానే నీలవేణి పోస్టాఫీసు నుంచి ఒక కార్డు తెచ్చి నా ముందు కూర్చుంది. "చెప్పు, రాస్తాను. తక్కువ చెప్పు, చోటుండదు."

తక్కువ చెప్పమంటే నాకు రాలేదు. మా ఆయన గురించి చెప్పాను, డబ్బా గురించి చెప్పాను, నేను పడ్డ బాధ చెప్పాను. పిల్ల కలం ఎత్తి పట్టుకుని అంతా వింది, ఒక్క ముక్క రాయలేదు. చివరికి అడిగింది. "ఇందులో నూకరాజు తాతకి కావలసింది ఏది?"

అలా మిగిలినవి ఇవి. "తమ్ముడు నూకరాజుకు అక్క అప్పయమ్మ వ్రాయించునది. నీ కార్డు నాకు అప్పుడు చేరలేదు. తర్వాత చేరింది. వేసవి సెలవులకు వస్తాను. రానిస్తావా? నాతో నా మనవరాలు వస్తుంది. ఈ కార్డు రాసింది అదే."

పోస్టు డబ్బాలో వేసి వచ్చిన నాటి నుంచి నేను పోస్టుమాన్ సైకిలు చప్పుడుకు లేచి నిలబడేదాన్ని. వాడు బతికున్నాడో లేదో తెలియదు. జవాబు చావు కార్డైతే వాకిట్లోనే చదవాలి కదా, అందుకని వాకిట్లోనే ఉండేదాన్ని. గోవిందరావు గారు నాతో మాట్లాడడం తగ్గించారు. సంఘం వాళ్లొస్తే మాత్రం తెలుగు క్లాసును తానెలా నిలబెట్టాడో చెప్పేవారు. వేసవిలో మేం పది రోజులు లేనప్పుడు ఆయనకు అన్నం ఎవరు పెట్టారో నేనడగలేదు.

హోళీ రంగులు రోడ్డు మీద ఇంకా పోలేదు, పోస్టుమాన్ వచ్చాడు. కార్డు అందుకుని రెండు వైపులా చూశాను. కళ్లజోడు పెట్టుకున్నా అక్షరం ఆనలేదు. నీలవేణిని పిలిచాను. వాకిట్లో నా పక్కన నిలబడి చదివింది.

"అక్కకు నూకరాజు వ్రాయునది. కార్డు అందినది. మధ్యాహ్నం పాసింజరు ఇప్పుడు మన స్టేషనులో ఆగడం లేదు. పలాసలో దిగవలెను. బండి, ఎడ్లు లేవు. బస్సుకు వచ్చి స్టేషనులో ఉంటాను. పిల్లకు ఎండ తగలకుండా గొడుగు తెచ్చుకో. ఏ రోజైనా పరవాలేదు."

చదివేసి, అలవాటు చొప్పున వేళ్లు ముడవడం మొదలుపెట్టింది. "ఎవరు, నూకరాజు తాత. ఎవరికి, నీకు. ఏం చెప్పలేదంటే..."

"అది నాకు తెలుసు," అన్నాను. "పోయి తీగకి గుచ్చు."